అరసవల్లి నుంచి ఆకాశానికి... ఓ అంగుళం లెక్క

ఏటా మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబర్ 1, 2 తేదీల్లో అరసవల్లికి తెల్లారకముందే జనం చేరిపోతారు. మబ్బు పట్టకుండా ఉంటే చాలు. పొద్దుపొడుపు కిరణాలు గాలిగోపురం గుమ్మంలోంచి దూరి, మండపం దాటి, గర్భగుడిలో ఉన్న సూర్యనారాయణ స్వామి పాదాల మీద పడతాయి. కొద్ది నిమిషాల ముచ్చట అది. ఆ కొద్ది నిమిషాల కోసం రాత్రంతా బస్సుల్లో కూర్చుని వచ్చేవాళ్లు ఉంటారు.

ఆ నిమిషాల వెనక ఉన్నదంతా కొలతే. ఏ గుమ్మం ఎక్కడ ఉండాలి, ఎంత వెడల్పు ఉండాలి, విగ్రహం ఎంత ఎత్తులో నిలబడాలి అన్నది ఎవరో ముందే చూసుకున్నారు. 7వ శతాబ్దంలో కళింగను ఏలిన దేవేంద్రవర్మ ఈ గుడి కట్టించాడని చెబుతారు. ఆనాటి శిల్పి గుమ్మాన్ని ఓ జానెడు పక్కకి జరిపి ఉంటే, ఇవాళ ఈ వేడుకే లేదు.

లోపలి చోటుని ఎలా అమర్చారో, లోపల ఉన్నవాళ్లకి అంతే దక్కుతుంది. గుడికే కాదు, మనం ఎక్కే ప్రతి బండికీ ఇదే సూత్రం. విమానానికైతే మరీను.

అరసవల్లికీ విమానానికీ ఏంటి సంబంధం అంటారా? చాలానే ఉంది. గర్భగుడిలో స్వామి ఏడు గుర్రాల రథం మీద ఉంటాడు, పగ్గాలు అనూరుడి చేతిలో ఉంటాయి. మనవాళ్లు రోజూ చూస్తున్న మొదటి ఆకాశయానం అదే. 2025లో రథసప్తమిని రాష్ట్ర పండుగగా చేసినప్పుడు శ్రీకాకుళంలో హెలికాప్టర్ విహారం కూడా పెట్టారు. 2024 జూన్ నుంచి కేంద్రంలో పౌర విమానయాన శాఖ చూస్తున్న కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీ. హైదరాబాద్, ఢిల్లీ విమానాశ్రయాలు కట్టిన జీఎంఆర్ సంస్థను పెట్టిన గ్రంధి మల్లికార్జునరావుది పక్కనున్న రాజాం.

ఇవన్నీ పేపర్లో వచ్చే సంగతులు. అసలు సంగతి వీధిలో ఉంది. వీధికి నలుగురు పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేస్తున్నారు. ఉద్దానం వైపు ఊళ్ల నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు గల్ఫ్‌కీ సింగపూర్‌కీ వెళ్తున్నారు. వాళ్లని చూడ్డానికి అమ్మానాన్నలు, మామ్మలు, తాతయ్యలు జీవితంలో మొదటిసారి విమానం ఎక్కుతున్నారు. టికెట్ తీసేది మాత్రం వాళ్లు కాదు. ఫోన్ చేతిలో ఉన్న మీరు. అందుకే ఈ లెక్క మీకు తెలియాలి.

షేర్ ఆటో చెప్పే పాఠం

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగి, అరసవల్లికి షేర్ ఆటో ఎక్కండి. రెండు మూడు కిలోమీటర్ల దూరం. ఆదివారమైతే ఆ దూరంలోనే మీకు సీట్ల శాస్త్రం మొత్తం తెలిసిపోతుంది.

కంపెనీవాడు వెనక ముగ్గురికి సీటు ఇచ్చాడు. ఆటో అన్న ఆ సీటుకి ఎదురుగా ఓ చెక్క బిగించాడు. ముందు తన కుడి పక్కన ఒకరిని, ఎడమ పక్కన ఇంకొకరిని సర్దుకున్నాడు. ఇంజిన్ అదే, చక్రాలు అవే, రోడ్డు అదే. లోపల అమరిక మారింది కాబట్టి ప్రయాణం మారిపోయింది. ముగ్గురికి హాయిగా ఉండే బండి ఎనిమిది మందికి నరకం అయింది. దానికి బదులు చార్జీ తగ్గింది. తప్పని ఎలా అంటాం? ఆ తక్కువ చార్జీ వల్లే కదా అంతమంది ఎక్కగలుగుతున్నారు.

బస్సులోనూ అంతే. పల్లెవెలుగులో ఓ పక్క ముగ్గురు, ఇంకో పక్క ఇద్దరు. సూపర్ లగ్జరీలో రెండు పక్కలా ఇద్దరేసి, పైగా సీటు వెనక్కి వాలుతుంది. విశాఖ నుంచి సికింద్రాబాద్‌కి 2023 జనవరిలో మొదలైన వందేభారత్‌లో చూడండి. చెయిర్ కార్‌లో 3+2, ఎగ్జిక్యూటివ్‌లో 2+2. ఒకే రైలు, ఒకే వేగం, రెండు రకాల ప్రయాణాలు.

బస్సు ఎక్కేటప్పుడు మనం ఇవన్నీ చూస్తాం. 'సూపర్ లగ్జరీయేనా? పుష్‌బ్యాక్ ఉందా?' అని అడుగుతాం. విమానం టికెట్ దగ్గరికొచ్చేసరికి రేటు చూస్తాం, టైమ్ చూస్తాం, నొక్కేస్తాం. అది ఏ విమానమో, అందులో వరసకి ఎంతమందో చూసేవాళ్లు తక్కువ.

30 వరసలు, 30 అంగుళాలు

ఎయిర్‌బస్ కంపెనీ ఏ320 విమానాన్ని తయారుచేసి ఇస్తుంది. అందులో ఎన్ని సీట్లు పెట్టాలన్నది చాలావరకూ కొనుక్కున్న విమానయాన సంస్థ ఇష్టం. విమానం నేల మీద పొడుగ్గా పట్టాలు ఉంటాయి. సీట్లు ఆ పట్టాల మీద బిగిస్తారు. అంగుళం ముందుకు, అంగుళం వెనక్కి జరుపుకోవచ్చు. మన ఆటో అన్న చెక్క బిగించినట్టే అనుకోండి. కాకపోతే ఇక్కడ ప్రతి మార్పుకీ భద్రతా అనుమతి కావాలి, ఎన్ని సీట్లకి మించకూడదో గట్టి పరిమితి ఉంటుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఏ320లో వరసకి ఆరుగురు, నడిచే దారికి అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. 30 వరసలైతే 180 మంది. ప్రతి వరస దగ్గరా ఒక్క అంగుళం తగ్గిస్తే 30 అంగుళాలు మిగులుతాయి. అంటే ఇంకో వరస! ఇంకో ఆరు టికెట్లు! వంటగదినీ బాత్రూంలనీ వెనక్కి సర్ది, సన్నటి సీట్లు బిగించి అదే విమానంలో 186 మందిని తీసుకెళ్లే సంస్థలు ఉన్నాయి. అదే ఏ320లో బిజినెస్ క్లాసు, ప్రీమియం సీట్లు పెట్టి ఇంకా తక్కువ మందిని తీసుకెళ్లేవీ ఉన్నాయి. బయటి నుంచి చూస్తే రెండూ కవల పిల్లలే.

ఈ వరసకీ వరసకీ మధ్య దూరాన్ని 'సీట్ పిచ్' అంటారు. మీ సీటు మీద ఒక చోట నుంచి ముందు సీటు మీద అదే చోటు దాకా కొలిచే దూరం. చవక టికెట్ల విమానాల్లో ఇది 28 నుంచి 30 అంగుళాల దాకా ఉంటుంది. ఇదంతా మోకాలికి దక్కే చోటు అనుకోకండి. కూర్చున్నప్పుడు వెనక నుంచి మోకాలి చివరి దాకా ఓ మామూలు మగమనిషికి 22, 23 అంగుళాలు ఉంటుంది. సీటు మందం ఇంకో రెండు మూడు అంగుళాలు తినేస్తుంది. మిగిలేది మూడు నాలుగు అంగుళాలు. అందులోంచి ఒక అంగుళం పోయిందంటే పావు వంతో మూడో వంతో పోయినట్టు.

పాతికేళ్లవాళ్లకి గంట ప్రయాణంలో ఇది పెద్ద విషయం కాదు. ఫోన్ చూసుకుంటూ దిగిపోతారు. కాలు మడవలేని మనిషికి?

"మజ్జిలో కూకోబెట్టీసినారు"

మాకు వరసకి పెద్దమ్మ అయ్యే ఆవిడ అరసవల్లిలోనే ఉంటుంది. అరవై అయిదు దాటాయి. కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు కాబట్టి ఎడమ మోకాలి ఆపరేషన్ అక్కడే చేయించాడు. నడక కుదురుకున్నాక, డాక్టరు సరేనన్నాక విమానంలో పంపించాడు. ఆవిడ వచ్చిన మరుసటి ఆదివారం ఇంద్ర పుష్కరిణి మెట్ల దగ్గర కనిపించింది. కింద కూర్చోలేదు కాబట్టి మనవడు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు.

"ఏటి పెద్దమ్మా, మోకాలు ఎలాగుంది?" అన్నాను.

"మోకాలికేటి నానా, బాగానే ఉంది. ఆ ఇమానంలోనే సచ్చిపోయినాను. మజ్జిలో కూకోబెట్టీసినారు. అటొకడు, ఇటొకడు. కాలు సాపుదామంటే ముందు సీటు, తీద్దామంటే పక్కోడి కాలు. గంటే అన్నారు. నాకు పొద్దల్లా కూకున్నట్టే ఉంది."

"మరి ఆ పిల్లలకి చెప్పలేకపోయావా?"

"ఆలేటి సేస్తారు? అందరికీ సీట్లు రాసుంటాయి కదా. మావోడు ఐదేలు పెట్టి టికెట్టు తీసినాడు. మళ్లీ అది బాగోలేదు, ఇది బాగోలేదు అంటే బాగుంటాదేటి?"

ఆఖరి మాట దగ్గరే నేను ఆగిపోయాను. మన పెద్దవాళ్లు ఫిర్యాదు చెయ్యరు. కొడుకు డబ్బులు పెట్టాడు, అదే చాలు అనుకుంటారు. కాలు వాచినా ఇంటికొచ్చాక వేణ్నీళ్ల కాపడం పెట్టుకుంటారు తప్ప ఫోన్లో చెప్పరు. టికెట్ తీసిన అబ్బాయికి ఇప్పటికీ ఆ సంగతి తెలీదు. ఆ అబ్బాయి సీటు ఎంచుకోలేదు, సిస్టమ్ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేసింది. మధ్య సీట్లే ఆఖర్న మిగులుతాయి కదా మరి.

ఆవిడకి కావాల్సిన సీటు ఏదో ఒక్క నిమిషంలో తేల్చేయొచ్చు. ఏ320లో ఎడమ పక్క ముగ్గురూ ఏ, బి, సి. కుడి పక్క ముగ్గురూ డి, ఈ, ఎఫ్. సి, డి రెండూ దారి పక్క సీట్లే. కానీ రెండూ ఒకటి కాదు. సి లో కూర్చుంటే దారి మీ కుడి చేతి వైపు ఉంటుంది. డి లో కూర్చుంటే ఎడమ చేతి వైపు ఉంటుంది. అంటే కుడి మోకాలు నొప్పి ఉన్నవాళ్లకి సి, ఎడమ మోకాలు నొప్పి ఉన్నవాళ్లకి డి. అప్పుడు నొప్పి ఉన్న కాలిని మధ్య మధ్యలో దారిలోకి చాపుకోవచ్చు. ట్రాలీ వచ్చినప్పుడు మాత్రం లోపలికి తీసుకోవాలి. మా పెద్దమ్మకి డి సీటు వచ్చుంటే ఆ గంట గంటలాగే గడిచిపోయేది.

ఇంకో చిన్న కిటుకు. చాలా విమానాల్లో దారి వైపు ఆర్మ్‌రెస్ట్ పైకి లేవదనుకుంటాం. దాని అడుగున, వెనక మూల దగ్గర చిన్న మీట ఉంటుంది. సిబ్బందిని అడిగితే ఎత్తి పెడతారు. అప్పుడు పక్కకి తిరిగి కూర్చుని మెల్లగా కాళ్లు లోపలికి తీసుకోవచ్చు. మోకాళ్ల నొప్పులవాళ్లకి కూర్చోవడం కంటే కూర్చునే ముందు వంగడమే కష్టం.

'కాళ్లకి ఎక్కువ చోటు' అని కనిపించగానే అమ్మకి ఎమర్జెన్సీ ఎగ్జిట్ పక్క సీటు కొనేయకండి. అవసరమైతే ఆ తలుపు తీయగలిగినవాళ్లనే అక్కడ కూర్చోనిస్తారు. పెద్దవాళ్లని, నడక కష్టమైనవాళ్లని లేపి వేరే చోటికి పంపిస్తారు. అన్నిటికంటే ముందు వరస మేలు. కాకపోతే అక్కడ ఎదురుగా సీటు ఉండదు కాబట్టి చేతిసంచి పైన పెట్టేయాలి. మాత్రలు మాత్రం జేబులోనో కొంగునో ఉంచుకోమనండి.

ఏటీఆర్ మేలా, ఎయిర్‌బస్ మేలా?

హైదరాబాద్ నుంచి రాజమండ్రి, కడప లాంటి ఊళ్లకు వెళ్లినవాళ్లు రెక్కల కింద పెద్ద ఫ్యాన్లు తిరిగే విమానం చూసే ఉంటారు. అదే ఏటీఆర్ 72. చాలామంది దాన్ని చూడగానే 'చిన్న విమానమా!' అని ముఖం చిట్లిస్తారు. పెద్దవాళ్లు భయపడతారు కూడా.

లోపలికి వెళ్తే సంగతి వేరు. దారికి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. మధ్య సీటు అనే మాటే లేదు. మొత్తం 78 మందిదాకా. భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్తుంటే మూడో మనిషి మధ్యలోకి రాడు. ఎక్కే తలుపు వెనక వైపు ఉంటుంది. ఆ తలుపే కిందికి వాలి మెట్లలా మారుతుంది. నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి మెట్లూ తక్కువే. మోకాళ్లకి ఇది పెద్ద వరం.

మరి లోపాలు? శబ్దం ఒకటి. ప్రొపెల్లర్లకి సూటిగా ఉండే ముందు వరసల్లో రొద ఎక్కువ. వెనక వరసల్లో తక్కువ, పైగా దిగేటప్పుడు వెనకవాళ్లే ముందు దిగుతారు. పైన సామాను అరలు చిన్నవి. పెద్ద క్యాబిన్ బ్యాగ్ పట్టదు. వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు. ఏ320 అయితే 800 దాటుతుంది. విశాఖ–హైదరాబాద్ మధ్య ఆకాశంలో దూరం సుమారు 500 కిలోమీటర్లే కాబట్టి అలాంటి దూరాల్లో తేడా కొద్ది నిమిషాలే. ఏటీఆర్ 25,000 అడుగులకు మించి ఎగరదు. జెట్‌లు ఇంకా పైకి వెళ్లి చాలా మబ్బుల్ని దాటేస్తాయి. వానాకాలంలో ఏటీఆర్ కుదుపులు కాస్త ఎక్కువ అనిపించడానికి కారణం అదే. అనిపించడమే తప్ప అది ప్రమాదానికి గుర్తు కాదు.

ఇక కుదుపులంటే భయపడేవాళ్లకి ఏ విమానంలోనైనా ఒకటే సలహా. రెక్కల దగ్గర కూర్చోండి. తూగుడుబల్ల మధ్యలో కూర్చున్నవాడు తక్కువ ఊగుతాడు, చివర్లో ఉన్నవాడు ఎక్కువ ఊగుతాడు. విమానమూ అంతే. తోక దగ్గర ఊపు ఎక్కువ. శబ్దం వద్దనుకుంటే జెట్‌లో ముందు వైపు, ఏటీఆర్‌లో వెనక వైపు. ఒక సుఖం కావాలంటే ఇంకోటి కొంచెం వదులుకోవాలి.

ఏ321 అని కనిపిస్తే? అది ఏ320కే పొడవు పెంచిన అన్నయ్య. వెడల్పు అదే, పొడవు మాత్రం దాదాపు ఏడు మీటర్లు ఎక్కువ. 220 మందికి పైగా ఎక్కుతారు. సీటు సుఖంలో తేడా ఉండదు గానీ, 35వ వరసలో ఉంటే దిగడానికి బాగా ఓపిక పట్టాలి. కనెక్టింగ్ విమానం ఉన్నవాళ్లు ముందు సీటు చూసుకోవాలి.

బోయింగ్ 737 కూడా 3+3యే. కానీ లోపలి వెడల్పు ఏ320లో 3.70 మీటర్లు, 737లో 3.54 మీటర్లు. ఆ 16 సెంటీమీటర్లని ఆరుగురికి పంచితే మనిషికి ఒక అంగుళం చొప్పున తేడా. మళ్లీ అంగుళమే! భుజాలు వెడల్పుగా ఉన్న ముగ్గురు వెల్డర్లు పక్కపక్కన నాలుగు గంటలు కూర్చున్నప్పుడు ఆ అంగుళం విలువ తెలుస్తుంది.

కిటికీ సీటు కొన్నారు, కిటికీ ఏది?

ఇది చాలామందికి జరిగేదే. ఎక్స్‌ట్రా కట్టి విండో సీటు తీసుకుంటారు. వెళ్లి చూస్తే పక్కన గోడ.

కారణం చెప్తే నవ్వొస్తుంది. ఏ320 ఒంటికి పక్కటెముకల్లాంటి ఫ్రేములు ఉంటాయి. అవి 21 అంగుళాలకు ఒకటి. కిటికీలు వాటి మధ్యలోనే పెట్టాలి. సీట్లేమో 28కో 29కో 30కో ఒకటి. రెండు లెక్కలూ కలవవు. కొన్ని వరసలకి రెండు కిటికీలు వస్తాయి, కొన్నిటికి సగం, కొన్నిటికి గోడే. అరసవల్లి శిల్పి గుమ్మాన్నీ విగ్రహాన్నీ కలిపి లెక్క కట్టాడు. ఇక్కడ కిటికీ లెక్క ఒకరిది, సీటు లెక్క ఇంకొకరిది.

కిటికీ సీటు ఖాయంగా దొరికితే మాత్రం ఓ దారి చెప్తాను. విశాఖ నుంచి కోల్‌కతా వెళ్లేటప్పుడు ఎడమ పక్క కూర్చోండి. కుడి పక్కంతా బంగాళాఖాతం, ఎడమ పక్క తీరం. విమానం తీరం వెంబడి వెళ్లి, ఆకాశం తేటగా ఉంటే ఓ పక్క నాగావళి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలవడం, ఇంకాస్త ముందు వంశధార కళింగపట్నం దగ్గర కలవడం కనిపిస్తాయి. నాగావళి ఒడ్డున ఇళ్లు చిక్కగా ఉన్న చోటు శ్రీకాకుళం. దాన్ని ఆనుకునే మన అరసవల్లి. తిరుగు ప్రయాణంలో అయితే కుడి పక్క. రెక్క మీద వరసలు వద్దు, కింద ఏమీ కనపడదు. ఏటీఆర్‌లో ఆ గొడవ లేదు. రెక్క పైన ఉంటుంది కాబట్టి నేల బాగా కనిపిస్తుంది.

చెవి గడియ పడితే

మొదటిసారి ఎక్కినవాళ్లు దిగాక చెప్పే మొదటి మాట: "చెవులు దిబ్బడేసినాయి."

విమానం ఎంత ఎత్తులో ఎగిరినా లోపల గాలి ఒత్తిడిని కిందికి తెచ్చి ఉంచుతారు. అయినా నేల మీద ఉన్నంత ఉండదు. మామూలు జెట్‌లలో అది 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత దాకా వెళ్లొచ్చు. అరకు ఎత్తుకి ఇది రెండున్నర రెట్లు పైనే. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి కొత్త పెద్ద విమానాల్లో దీన్ని 6,000 అడుగుల దగ్గరే ఆపుతారు. గాలిలో తేమ కూడా కాస్త ఎక్కువ ఉంటుంది. అందుకే అమెరికా వెళ్లొచ్చినవాళ్లు కొన్ని విమానాల్లో అంత అలసట లేదు అంటారు. అది భ్రమ కాదు, విమానం రకాన్ని బట్టి నిజంగానే మారుతుంది.

చెవి నొప్పి ఎక్కువగా వచ్చేది దిగేటప్పుడు. ఆ టైమ్‌లో పెద్దవాళ్లని నిద్రపోనివ్వకండి. నిద్రలో గుటక వెయ్యరు, చెవి తెరుచుకోదు. నోట్లో జీడో, యాలక్కాయో వేసుకోమనండి. పసిపిల్లలకి పాలు పట్టండి. గట్టిగా జలుబు చేసి ఉంటే ముందే డాక్టరుని అడగడం మంచిది.

దూరం పెరిగితే లెక్క మారుతుంది

గంట ప్రయాణంలో అసౌకర్యం అసౌకర్యమే. నాలుగు గంటలు దాటితే అది ఆరోగ్యం సంగతి. కాళ్లు కదపకుండా అన్ని గంటలు కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. పెద్దవాళ్లకి, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లకి, గర్భిణులకి ఈ ముప్పు ఎక్కువ. గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యాలి, కూర్చున్నచోటే మడమలు పైకీ కిందికీ ఆడించాలి, నీళ్లు తాగాలి. ఇవన్నీ చెయ్యాలంటే లేవగలిగే సీటు ఉండాలి కదా. కిటికీ పక్క ఇరుక్కున్న తాతయ్య ఇద్దరిని లేపడానికి మొహమాటపడి పది గంటలు అలాగే కూర్చుంటారు. నీళ్లు తాగితే బాత్రూంకి లేవాలని నీళ్లు కూడా తాగరు.

గల్ఫ్‌కీ, విశాఖ నుంచి సింగపూర్‌కీ వెళ్లే చాలా విమానాలు 3+3 రకమే. నాలుగు గంటలు అందులోనే. అమెరికా, యూరప్ దారిలో పెద్ద విమానాలు వస్తాయి. అందులో రెండు నడవలుంటాయి. బోయింగ్ 777లో ఎకానమీలో ఎక్కువ సంస్థలు వరసకి పది మందిని, 3+4+3గా కూర్చోబెడతాయి. 787లో, ఏ350లో సాధారణంగా 3+3+3. ఏ330లో ఎక్కువగా 2+4+2. అమ్మానాన్నలిద్దరే వెళ్తుంటే ఈ 2+4+2 లో పక్కన ఉండే రెండు సీట్లు బంగారం. ఒకరికి కిటికీ, ఒకరికి దారి, మధ్యలో పరాయి మనిషి లేడు. ఒకే రేటుకి రెండు దారులు కనిపిస్తే విమానం రకం చూసి ఎంచుకోండి.

భోగాపురం దగ్గరైతే

విశాఖ విమానాశ్రయం నౌకాదళం స్థావరంలో ఉంది. నేవీ అవసరాలు ముందు, పౌర విమానాలు తర్వాత. అందుకే విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కొత్త విమానాశ్రయం తలపెట్టారు. 2023 మే 3న పనులకు శంకుస్థాపన జరిగింది. 3,800 మీటర్ల రన్‌వే, పెద్ద విమానాలు కూడా దిగేంత పొడవు. కట్టే పని జీఎంఆర్‌ది.

అరసవల్లివాళ్లకి దీని అర్థం ఒక్కటే. విమానం ఎక్కడానికి వంద కిలోమీటర్లకు పైగా వెళ్లేవాళ్లు దాదాపు సగం దూరం వెళ్తే చాలు. విశాఖ ట్రాఫిక్‌లో పడే పని లేదు. విమానంలో గంట కూర్చునే మనిషి, అంతకుముందు కారులో రెండున్నర గంటలు కూర్చుంటున్నాడన్నది మర్చిపోతుంటాం. మోకాలికి రెండూ ఒకటే. దారిలో ఓసారి ఆపి, దిగి నాలుగడుగులు నడిపించండి.

నొక్కే ముందు నాలుగు చూపులు

ఒకటి, టికెట్ యాప్‌లో విమానం వివరాలు తెరవండి. ఏటీఆర్ అనో, ఏ320 అనో, 737 అనో ఉంటుంది. చివరి నిమిషంలో విమానం మారొచ్చు కాబట్టి ముందురోజు మళ్లీ చూడండి.

రెండు, సీట్ మ్యాప్ తెరిచి వరసకి ఎంతమందో లెక్కపెట్టండి. పెద్దవాళ్లకి దారి పక్క సీటు. దానికి రెండు మూడు వందలు అడిగితే ఇచ్చేయండి. ఆదా చేయాలనుకుంటే మీ సీటు దగ్గర చేసుకోండి, వాళ్ల దగ్గర వద్దు.

మూడు, నడక కష్టమైతే టికెట్ తీసేటప్పుడే వీల్‌చెయిర్ అడగండి. 'నాకెందుకు, నేను నడవగలను' అంటారు. విమానాశ్రయంలో ఎంత నడవాలో వాళ్లకి తెలీదు.

నాలుగు, వెబ్ చెక్-ఇన్ తెరుచుకున్న వెంటనే చేసేయండి. ఆలస్యం చేస్తే మధ్య సీటే గతి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. దానికి యాప్ అక్కర్లేదు. ఇంటికి ఓ ఫోన్ కొట్టండి. టికెట్ రేటు గురించీ, టైమ్ గురించీ కాదు. వాళ్లంతట వాళ్లు ఎప్పుడూ చెప్పని సంగతి మీరే అడగండి.

"అమ్మా, ఏ కాలు నొప్పెడతంది? కుడిదా, ఎడందా?"